ఫ్లోర్‌టైమ్‌లో పిల్లాడు మనల్ని ఆటలోకే రానివ్వకపోతే?

సీతమ్మధార_అమ్మ
బాబుకి మూడున్నరేళ్లు, ఆటిజం. మాటలు పదీ పదిహేను ఉన్నాయి కానీ ఏదైనా కావాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. సెంటర్‌లో ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), స్పీచ్ థెరపీ నడుస్తున్నాయి. ఇంట్లో ఫ్లోర్‌టైమ్ చెయ్యమన్నారు, అంటే నేలమీద కూర్చుని పిల్లాడి ఆటలోనే వాడితో కలిసి ఆడే పద్ధతట. "వాడి ఆటలో మీరు చేరండి" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు. వాడి ఆటేమో కార్లు వరసగా పేర్చడం. నేను చెయ్యి పెడితే తోసేస్తాడు. మళ్లీ పెడితే కార్లు పట్టుకుని మంచం కిందకి దూరతాడు. పెట్టకపోతే ఇరవై నిమిషాలూ నేను దిష్టిబొమ్మలా కూర్చోవాలి. ఇందులో థెరపీ ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

గాజువాక_నాన్న
కార్లు ఎన్ని?

సీతమ్మధార_అమ్మ
ఎవరు లెక్కపెట్టారు, టబ్బు నిండా ఉన్నాయి. వాడికి కార్లంటే ఇష్టమని చుట్టాలందరికీ తెలుసు, వచ్చినవాళ్లల్లా ఒకటి తెస్తారు.

నేలమీద_ఓటీ
టబ్బు నిండా కార్లున్న పిల్లాడికి అమ్మతో పనేముంది? అక్కడ మొదలుపెడదాం.

టబ్బు అటక ఎక్కించండి. ఆరేడు కార్లు చాలు. అవి కూడా నేలమీద కాదు, మీ దగ్గర, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో. లోపల ఏముందో బయటికి కనిపించాలి, మూత మాత్రం వాడంతట వాడికి రాకూడదు. రెండు కార్లు ముందే నేలమీద పెట్టండి, లేకపోతే ఆట మొదలవకముందే ఏడుపు మొదలవుతుంది.

కూర్చోవడం పక్కన కాదు, ఎదురుగా. వాడు బోర్లా పడుకుని చక్రాలు చూస్తుంటే మీరూ బోర్లా పడుకోండి. మీ ముఖం వాడి కంటి ఎత్తులో, వరసకి అవతలి చివర, రెండు మూరల దూరంలో ఉండాలి. టీవీ ఆపాలి, ఫోన్ వేరే గదిలో ఉండాలి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ చెయ్యొద్దు, చూడండి. వాడికి నచ్చుతున్నది ఏది? చక్రం తిరగడమా, వరస తిన్నగా ఉండటమా, కారుని కంటి మూల నుంచి చూడటమా? అందరు పిల్లలూ కార్లే పేర్చినా ఆట ఒకటి కాదు. చక్రం చూసేవాడికి చక్రం తిప్పేవాళ్లు కావాలి. వరస చూసేవాడికి తరవాతి కారు అందించేవాళ్లు కావాలి.

మీవాడు వరస రకం అనిపిస్తోంది. అందుకని వరసని ముట్టుకోకండి. డబ్బాలోంచి ఒక కారు తీసి అరచేతిలో పెట్టుకుని వరస చివర దగ్గర చెయ్యి చాచి ఆగండి. మాట్లాడొద్దు. వాడు తీసుకుని పెట్టాడా, ఆ కారుకి తగ్గ చిన్న శబ్దం ఒకటి: "టక్!" లేదా "ఝుయ్!". మళ్లీ ఇంకో కారు. మూడు నాలుగు అయ్యాక చెయ్యి చాచడం ఆలస్యం చెయ్యండి. అప్పుడు వాడు మీ చేతివైపు గానీ డబ్బావైపు గానీ మీ ముఖంవైపు గానీ చూస్తాడు. ఆ చూపు కోసమే ఈ ఏర్పాటంతా.

మాటలమూట
ఓటీ గారు చెప్పినదాన్ని సెంటర్లలో సర్కిల్ అంటారు, ఆ మాట ఎక్కడైనా వింటే కంగారు పడకండి. పిల్లాడు ఏదో చేస్తాడు లేదా చూస్తాడు, సర్కిల్ తెరుచుకుంది. మీరు దానికి జవాబుగా ఏదో చేస్తారు. మీరు చేసినదానికి వాడు మళ్లీ ఏదో చేస్తాడు, మూసుకుంది. మాటలు అక్కర్లేదు. ఆ లెక్కన వాడు మీ చెయ్యి తోసెయ్యడం కూడా సర్కిలే. తోశాడంటే మీరున్నారని లెక్కలోకి తీసుకున్నాడు.

తోసినప్పుడు చేసే పని ఒకటుంది. "అమ్మో! పొమ్మన్నాడు!" అని పెద్ద ముఖం పెట్టి చెయ్యి వెనక్కి లాక్కోండి. కాస్త ఆగి, ఈసారి దూరం నుంచి, నత్తలా నెమ్మదిగా చెయ్యి రానివ్వండి. మళ్లీ తోస్తే మళ్లీ అదే నాటకం. మూడోసారికి తోసే ముందు మీ ముఖం చూశాడంటే, లేదా పెదవి చివర నవ్వు కనిపించిందంటే, అదే ఆట అయిపోయింది. కార్లు సాకు మాత్రమే. ఒళ్లు బిగుసుకున్నా, వీపు తిప్పినా, చెవులు మూసుకున్నా అక్కడితో ఆపెయ్యాలి. రెంటికీ తేడా తెలియకుండా "కెలకండి, కెలకండి" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు, వాళ్ల మాట వినొద్దు.

గాజువాక_నాన్న
మూత రాని డబ్బా గురించి ఒక అభ్యంతరం. వాడి వస్తువు దాచి "అడిగితేనే ఇస్తా" అంటే అది ఆటెలా అవుతుంది? పెద్దయ్యాక కొందరు ఆటిజం ఉన్నవాళ్లు రాసేది కూడా ఇదే, మా ఇష్టమైనవన్నీ మా మీదే ఎరగా వాడారని.

మాటలమూట
న్యాయమైన అభ్యంతరం. తేడా మీరు ఏం కోరుతున్నారన్న దగ్గర ఉంది. "కారు అను, అంటేనే ఇస్తా" అనడం బేరం. డబ్బా తీసుకొచ్చి చేతిలో పెడితే, "ఓ, తెరవాలా!" అని వెంటనే తెరవడం సాయం. రెండో రకమే చెయ్యాలి. వాడు ఏ రకంగా అడిగినా, డబ్బా తోసినా, మీ వేలు మూతమీద పెట్టినా, అది అడగడమే. అలాగే కళ్లలోకి చూడాలని పట్టుబట్టొద్దు. తిండి, నీళ్లు, భయం వేసినప్పుడు పట్టుకునే దుప్పటి లాంటివాటిని ఈ దాచే ఆటలోకి తేనే కూడదు.

లెక్కల_మాస్టారు
అన్నీ బావున్నాయి. రోజుకి ఎనిమిదిసార్లు, ఒక్కోటి ఇరవై నిమిషాలు అంటారు. రెండు గంటల నలభై నిమిషాలు. ఇద్దరం ఉద్యోగస్తులం, నేను స్టీల్‌ప్లాంట్ షిఫ్టు. ఎవరు చేస్తారండీ?

పెందుర్తి_పిన్ని
ఏటి మాస్టారూ, తెల్లారితే స్నానం, పళ్లు తోమడం, చొక్కా వెయ్యడం, టిఫినీ, చెప్పులు తొడగడం. ఇవి ఎలాగూ సెయ్యాలి కదేటి? అయ్యే ఆట సేసుకోండి. చొక్కా తలమీద ఆపేసి "బాబేడీ?" అంటే అయిపోలేదా ఒకటి.

నేలమీద_ఓటీ
పిన్ని గారు ఫ్లోర్‌టైమ్ కోర్సు చెయ్యకుండానే చెప్పేశారు. మాస్టారూ, ఆ ఎనిమిది పది సార్ల లెక్క ఈ పద్ధతిని సెరెనా వీడర్‌తో కలిసి రూపొందించిన అమెరికన్ సైకియాట్రిస్టు స్టాన్లీ గ్రీన్‌స్పాన్ చెప్పినదే. దాన్ని చూసి నీరుగారిపోయి అసలు మొదలెట్టని ఇళ్లే ఎక్కువ. పూర్తిగా ఆటకే కేటాయించినవి రోజుకి రెండు ఉన్నా చాలు, మిగతాది స్నానంలో, తిండి దగ్గర కలపండి.

స్నానంలో ఒక ఉదాహరణ. చెంబుతో నీళ్లు పోస్తూ మధ్యలో చెంబు గాల్లో ఆపండి. ఆపి మీరు కూడా ఊపిరి బిగబట్టినట్టు ఎదురుచూడండి. భుజం కదిపినా, చెంబు వైపు చెయ్యెత్తినా "పొయ్యాలా! జర్ర్!" అని పోసెయ్యాలి. నాలుగైదు చెంబులకి నాలుగైదు సర్కిళ్లు. షిఫ్టు నుంచి అలిసిపోయి వచ్చి ముఖం వేలాడేసుకుని గంట ఆడేకంటే ఈ పది నిమిషాలు మేలు. పిల్లాడు మీ ఉత్సాహాన్ని బట్టే మీవైపు తిరుగుతాడు. అది లేని రోజు మానెయ్యండి, పాపం ఏమీ లేదు.

పరీక్షలొద్దు
ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా. ఇంట్లో ఫ్లోర్‌టైమ్ చెడిపోయేది ప్రశ్నల వల్ల. "ఇదేం రంగు? ఇదేంటి? కారు ఎలా వెళ్తుంది? చెప్పు నాన్నా, చెప్పు, చెప్పు." అది ఆట కాదు, వైవా. పిల్లాడు లేచిపోతాడు, మనం "శ్రద్ధ లేదు" అంటాం.

ప్రశ్న వచ్చిన ప్రతిచోటా వ్యాఖ్య పెట్టండి. "ఇదేం రంగు?" బదులు "ఎర్ర కారు వచ్చేసింది". "ఏమైంది?" బదులు "అయ్యో! పడింది!". వాక్యం వాడి స్థాయికి ఒక్క మెట్టు మాత్రమే పైన ఉండాలి. ఒక్కో మాట పలికేవాడికి రెండు మాటలు: "కారు వెళ్లింది", "ఇంకో కారు". అసలు మాటల్లేని పిల్లాడికి ఒక మాటా, ఒక శబ్దమూ చాలు. పూర్తి వ్యాకరణం, అన్వయం తరవాత చూసుకోవచ్చు.

అన్నాక ఆగాలి. మనసులో పది లెక్కపెట్టండి. మనవాళ్లకి మూడు లెక్కపెట్టేసరికే నోరు ఊరుకోదు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి విన్నది లోపలికి వెళ్లి, జవాబు బయటికి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది. వాడు జవాబు సిద్ధం చేసుకునేసరికి మనం రెండో ప్రశ్న వేసి మొదటిది చెరిపేస్తున్నాం.

పెందుర్తి_పిన్ని
సరేగాని, తాతయ్యలు బామ్మలు చుట్టూ చేరి "చెప్పమ్మా, ఏనుగు అను, ఏనుగు అను" అంటే ఏటి సెయ్యాలి? వాళ్లని అటక ఎక్కించలేం కదా, టబ్బులాగ.

పరీక్షలొద్దు
వాళ్లకి పని పెట్టండి. తాతయ్యకి ఉప్పుమూట. వీపున ఎక్కించుకుని నాలుగడుగులు, ఆగడం. పిల్లాడు కదిలితే మళ్లీ నాలుగడుగులు. ఆటలో ఒకరే మాట్లాడాలి అనేది నియమం, మిగతావాళ్లు చూడొచ్చు. బామ్మ ఎంత కథ అయినా చెప్పొచ్చు, ఆట అయ్యాక.

నేలమీద_ఓటీ
ఉప్పుమూట మంచి మాట. కానీ తాతయ్య నడుము సంగతి చూసుకోండి. ఇక్కడే ఇంకో విషయం. ఈ పద్ధతి పూర్తి పేరు డీఐఆర్ ఫ్లోర్‌టైమ్. డీ అంటే ఎదుగుదల, ఆర్ అంటే సంబంధం, మధ్యలో ఉన్న ఐ అంటే ఒక్కో పిల్లాడి శరీరం తీరు. దాన్ని చూడకుండా ఒకే ఆట అందరికీ చేస్తే పనిచెయ్యదు.

ఎగురుతూ, గోడలకి గుద్దుకుంటూ, సోఫా మీంచి దూకే పిల్లాడికి ఒళ్లు ఇంకా ఒత్తిడి కోరుతోంది. వాడిని కూర్చోబెట్టి పజిల్ ఇవ్వకండి. ముందు పది నిమిషాలు బరువు పని: బియ్యం సంచి వాడి ఎత్తుకు తగ్గది ఈడ్చడం, దిండ్ల మధ్య శాండ్‌విచ్ చేసి నొక్కడం, సగం నీళ్ల బకెట్ ఇద్దరూ పట్టుకుని మొక్కల దాకా మోయడం. ఆ తరవాత నేలమీద కూర్చుంటాడు. మూల కూర్చుని ఎవరితోనూ పట్టనట్టు ఉండే పిల్లాడికి రివర్స్. పెద్ద గొంతు, పెద్ద ముఖం, ఎక్కువ ఊపు. చిన్న చప్పుడుకే చెవులు మూసుకునేవాడి దగ్గర అదే పెద్ద గొంతు పెడితే వాడు గదిలోంచి వెళ్లిపోతాడు. వాడి దగ్గర గుసగుస.

దుప్పటి ఉయ్యాల: ఇద్దరు పెద్దవాళ్లు చెరో రెండు కొసలూ పట్టుకోవాలి, నేలకి అడుగు ఎత్తు దాటొద్దు, కింద పరుపు. ముందుకీ వెనక్కీ ఊపితే మనసు నిదానిస్తుంది, గుండ్రంగా తిప్పితే రెచ్చిపోతారు. "ఒకటీ... రెండూ..." అని మూడు అనకుండా ఆపండి. ముఖం పాలిపోవడం, చెమట, తేన్పులు, తల వాల్చెయ్యడం కనిపిస్తే ఆపెయ్యాలి, వాడు నవ్వుతున్నా సరే. ఇంట్లో ఉయ్యాల వేలాడదీయాలంటే స్లాబ్‌కి మేస్త్రీతో హుక్ వేయించండి. కర్టెన్ రాడ్డుకి ఊగించమన్న సలహాలు ఆన్‌లైన్‌లో చూశాను, దయచేసి వద్దు.

గాజువాక_నాన్న
మన ఊళ్లో మే నెల ఉక్కలో దిండ్ల శాండ్‌విచ్ చేస్తే పిల్లాడి కంటే ముందు మనమే ఉడుకుతాం.

నేలమీద_ఓటీ
నిజమే, అప్పుడు తడి తువ్వాలుతో నొక్కండి. లేదా పొద్దున చల్లగా ఉన్నప్పుడే బరువు పని ముగించెయ్యండి. చెమట పట్టిన చొక్కా చిరాకుకే సగం మంది పిల్లలు ఆట మానేస్తారు, మనం ఆటిజం అనుకుంటాం.

ఏటికొప్పాక_బొంగరం
తిరిగేవాటి పిచ్చి ఉన్న పిల్లాడి సంగతేంటి? ఫ్యాన్, మిక్సీ, కార్ల చక్రాలు. బొంగరం కొనిస్తే ఇంకా ముదురుతుందా?

మాటలమూట
బొంగరం మంచిదే, ఎందుకంటే అది చిన్నపిల్లలకి తిప్పడం రాదు. ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది, మనిషి అక్కర్లేదు. బొంగరం ఆగిపోతుంది, మళ్లీ తిప్పేవాళ్లు కావాలి. ఆ ఆగడమే అవకాశం. ఆగింది, "అయిపోయింది..." అన్నారు, చెయ్యి చాచారు, ఎదురుచూశారు. వాడు బొంగరం తీసి మీ చేతిలో పెట్టాడు. ఇంతకంటే చక్కటి సర్కిల్ ఏం కావాలి? ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు, సహజ రంగులు వాడతారు. నోట్లో పెట్టుకునే పిల్లలకి అదొక మేలు. కొనేటప్పుడు సహజ రంగులవేనా అని అడిగి తీసుకోండి. ఊడివచ్చే చిన్న ముక్కలున్న బొమ్మలు మూడేళ్ల లోపువాళ్లకి వద్దు.

లెక్కల_మాస్టారు
అసలు దీనికి రుజువులున్నాయా? ఏబీఏ (మెట్లు మెట్లుగా, చేసినప్పుడల్లా మెచ్చుకుంటూ నేర్పే పద్ధతి) వాళ్లు తమదే శాస్త్రీయం అంటారు. ఏది నమ్మాలి?

కాగితాల_పురుగు
రుజువులు ఉన్నాయి, కానీ పోస్టర్లలో రాసినంత లేవు.

నాలుగు చూడొచ్చు. ఒకటి, బ్రిటన్‌లో పాక్ట్ అనే పద్ధతి మీద 152 మంది పిల్లలతో చేసిన ట్రయల్, 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో థెరపిస్టు పిల్లాడితో ఆడడు. తల్లిదండ్రులు ఆడిన వీడియో వాళ్లకే చూపించి, ఇదిగో ఇక్కడ వాడు మొదలుపెట్టాడు, మీరు గమనించలేదు అని చూపిస్తాడు. అప్పట్లో తల్లీపిల్లల ఆట బాగుపడింది కానీ ఆటిజం లక్షణాల స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే పిల్లల్ని సుమారు ఆరేళ్ల తరవాత చూస్తే లక్షణాల తీవ్రత తక్కువగా ఉందని 2016లో రాశారు. రెండు, దాన్నే మన ఉపఖండానికి తగ్గట్టు మార్చి గోవాలో, రావల్పిండిలో 65 మంది పిల్లలతో చేశారు. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే ఇళ్లకెళ్లి పన్నెండు సెషన్లు చేయించారు. తల్లిదండ్రుల స్పందనా, పిల్లలు తమంతట తాము మొదలుపెట్టడమూ పెరిగాయి. అయితే ఇద్దరూ కలిసి ఒకేదానిమీద ధ్యాసపెట్టే సమయం తగ్గింది, అది కూడా దాచకుండా రాశారు. మూడు, అమెరికాలో ఫ్లోర్‌టైమ్ ఆధారంగా చేసిన ప్లే ప్రాజెక్ట్, 2014, 128 కుటుంబాలు, నెలకోసారి ఇంటికొచ్చి నేర్పడం. ఆట, సంబంధం మెరుగయ్యాయి, భాషలో మాత్రం ఈ శిక్షణ అందినవాళ్లకీ అందనివాళ్లకీ తేడా లేదు. నాలుగు, థాయ్‌లాండ్‌లో 2011లో ఇంట్లో తల్లిదండ్రులే చేసిన చిన్న ట్రయల్, మూడు నెలలు, ఫలితం మంచిగానే వచ్చింది కానీ పిల్లలు కొద్దిమందే.

కాబట్టి "ఫ్లోర్‌టైమ్ చేస్తే మాటలొచ్చేస్తాయి" అని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీకి ఆధారం లేదు. పిల్లాడు మనుషులతో కలవడం పెరుగుతుందని చెప్పడానికి ఆధారం ఉంది.

టేబుల్_పక్షం
నేను ఏబీఏ నేపథ్యం నుంచి రాస్తున్నా, రాళ్లు వెయ్యకండి. రోడ్డు మీదకి పరిగెత్తే పిల్లాడికి "వాడి ఆసక్తి వెనకాలే వెళ్లండి" అంటే లారీ వెనకాలే వెళ్లినట్టు. టాయిలెట్ అలవాటు, రోడ్డు దగ్గర ఆగడం, సీటు బెల్టు లాంటివాటికి మెట్లు మెట్లుగా నేర్పే పద్ధతే పనికొస్తుంది. ఇప్పుడు ఏబీఏలో కూడా ఆటలోనే నేర్పే రకాలు వచ్చాయి, ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ అలాంటిదే. రెండూ శత్రువులు కావు.

మాటలమూట
శత్రువులు కావు, కానీ ఒకే గంటలో కలిపితే రెండూ చెడతాయి. ఆట మధ్యలో పాఠంలోలాగా "టచ్ నోస్" (ముక్కు ముట్టుకో) అంటే పిల్లాడికి ఆ ఆట మీద నమ్మకం పోతుంది. నేర్పే సమయం నేర్పేదే, ఆట సమయం ఆటే అని విడగొట్టుకోండి. రోడ్డు సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా. అక్కడ చర్చ లేదు.

సీతమ్మధార_అమ్మ
ఆరు కార్లతో, మూత డబ్బాతో చేశాం. అరచేతిలోంచి తీసుకుంటున్నాడు! కానీ వరస మధ్యలో నేను గేదె బొమ్మ అడ్డం పెట్టేసరికి అరగంట ఏడుపు. అడ్డం పెట్టమని ఓ వీడియోలో చూశా.

నేలమీద_ఓటీ
తొందరపడ్డారు, అంతే. అడ్డంకి ఎప్పుడంటే, వాడు మీతో కనీసం పది సర్కిళ్లు ఆగకుండా చేస్తున్నప్పుడు. మీదింకా అందించే దశ. అడ్డంకి పెట్టే చోటు కూడా వరస మధ్యలో కాదు, ఎందుకంటే వాడికి వరసే ప్రాణం. వరస బయట పెట్టాలి: మీ అరచేతికీ వరసకీ మధ్య. కారు అందించే చెయ్యి దారిలో గేదె "అంబా" అని వచ్చి ఆగింది. వాడు గేదెని తోస్తాడు. "ఓ! పో గేదే!" గేదె దొర్లి పడిపోతుంది. వరస చెక్కుచెదరలేదు, గొడవంతా బయట జరిగింది.

ఏడుపు మొదలైతే అడ్డంకి వెంటనే తీసెయ్యండి, మాట్లాడ్డం తగ్గించండి, మీ ఊపిరి నెమ్మది చేసుకుని పక్కన ఉండండి. అప్పుడు నేర్పడానికేమీ లేదు. కుదుటపడ్డాక మళ్లీ అరచేతి ఆట, అడ్డంకి లేకుండా.

పరీక్షలొద్దు
దీనికి క్రమం ఉంది, అది తెలిస్తే ఎక్కడ తొందరపడ్డామో మనకే తెలుస్తుంది. మొదటిది, ఒళ్లూ మనసూ కుదురుగా ఉండి చుట్టుపక్కల చూడగలగడం. రెండు, మనిషిని ఇష్టపడటం, నవ్వితే నవ్వడం. మూడు, ఇటూ అటూ సైగలు, ఇచ్చిపుచ్చుకోవడం. నాలుగు, ఆ ఇచ్చిపుచ్చుకోవడం వరసగా చాలాసేపు నడవడం, పని కావడానికి మనిషి సాయం తీసుకోవడం. చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లి తలుపు చూపించడం ఇక్కడ మొదలు. ఐదు, ఊహ, ఉత్తుత్తి ఆట. ఆరు, ఆ ఊహల్ని "ఎందుకంటే" అని కలపడం.

మన ఇళ్లలో మూడు కుదరకముందే ఐదుకి దూకుతారు. కిచెన్ సెట్ కొని "బొమ్మకి ఇడ్లీ పెట్టు" అంటారు. పిల్లాడు బొమ్మ నోట్లో స్పూన్ పెడతాడు, మనం చప్పట్లు కొడతాం. అది నేర్చుకున్న కదలిక, ఊహ కాదు. ఊహ అయితే బొమ్మ ఇడ్లీ ఉమ్మేస్తుంది, కారం అంటుంది, పిల్లాడు నవ్వి నీళ్లు తెస్తాడు.

పెందుర్తి_పిన్ని
బీచీకి తీసికెళ్తే మంచిదంటారా? ఇసకలో ఆడతారని.

నేలమీద_ఓటీ
మంచిదే, షరతులతో. ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం అంటే జనం, బూరలు, మొక్కజొన్న పొగ, గుర్రాలు. చాలామంది పిల్లలు పైన చెప్పిన క్రమంలో మొదటిదాని దగ్గరే, ఒళ్లూ మనసూ కుదురుగా ఉండటం దగ్గరే, కూలబడతారు. పొద్దున్నే వెళ్లండి. నీళ్లలోకి దించొద్దు. అక్కడ అల లాగే బలం ఎక్కువ, ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి నీళ్ల మీద మోజు ఉంటుంది, ప్రమాదం తెలియదు. చెయ్యి పట్టుకునే మనిషి ఒకరు, ఆడే మనిషి ఇంకొకరు ఉండాలి. ఒక్కరే అయితే పార్కుకి వెళ్లండి.

ఇసక కాలికి తగిలితే ఏడ్చేవాడిని చెప్పులతోనే నిలబెట్టండి. కొబ్బరిచిప్పతో పొయ్యడం, గరిటెతో తవ్వడం. చెయ్యి దానంతట అది ఎప్పుడో దిగుతుంది. ఇంట్లో అయితే పళ్లెంలో బియ్యం. అన్నీ నోట్లో పెట్టుకునేవాడైతే బియ్యం కాదు, మరమరాలు, అది కూడా మీ కళ్లెదుటే.

లెక్కల_మాస్టారు
సరే, సెంటర్ ఎలా ఎంచుకోవాలి? ఎంవీపీలో, మద్దిలపాలెంలో సందుకో బోర్డు ఉంది.

కాగితాల_పురుగు
స్పీచ్ థెరపిస్టుకీ, స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ, రీహాబ్ సైకాలజిస్టుకీ ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు ఉంటుంది, అడిగి చూడండి. ఓటీలు ఆర్‌సీఐ కిందకి రారు, వాళ్ల డిగ్రీ అడగండి. ఫ్లోర్‌టైమ్ అని బోర్డు పెడితే ఎవరి దగ్గర, ఏ స్థాయి శిక్షణ అయిందో అడగాలి. రెండు గంటల వెబినార్‌తో బోర్డు పెట్టినవాళ్లున్నారు.

గదిలోకి మిమ్మల్ని రానివ్వని చోట ఈ పద్ధతి జరగదు. ఇది తల్లిదండ్రులకి నేర్పే పద్ధతి. మీరు ఆడుతుంటే థెరపిస్టు పక్కన ఉండి చెప్పాలి. నలభై ఐదు నిమిషాలు తలుపేసి చివర్లో "ఈరోజు బాగా చేశాడు" అంటే, ఏం బాగా చేశాడో అడగండి.

"పూర్తిగా నయం చేస్తాం" అన్నచోట నుంచి లేచి వచ్చెయ్యండి. స్టెమ్ సెల్ పేరు ఎత్తితే ఇంకా వేగంగా. ఆటిజానికి దాన్ని చికిత్సగా ఇవ్వడం వృత్తిధర్మానికి విరుద్ధమని 2022లోనే నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది. ఇంకొకటి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి, నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది. బిల్లులు పారెయ్యకండి.

గాజువాక_నాన్న
పని జరుగుతోందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది? మాటలు లెక్కపెట్టడమా?

మాటలమూట
మాటలు కాదు. వారానికోసారి ఫోన్ అలమారా మీద పెట్టి ఐదు నిమిషాలు రికార్డు చెయ్యండి, అదే సమయం, అదే ఆట. పిల్లాడు పడుకున్నాక చూడండి. మూడు లెక్కలు: ఆగకుండా వరసగా నడిచిన సర్కిళ్లు ఎన్ని, వాటిలో వాడు మొదలుపెట్టినవి ఎన్ని, మీరు వేసిన ప్రశ్నలు ఎన్ని. మొదటి రెండూ పెరగాలి, మూడోది తగ్గాలి. మూడోదే ముందు తగ్గాలి. మొదటి వీడియో చూసుకుంటే మన గొంతు మనకే చిరాకేస్తుంది, అది అందరికీ మామూలే.

ఏటికొప్పాక_బొంగరం
అక్క ఉంది ఏడేళ్లది, తనూ చేరతానంటుంది. చేరగానే కార్లన్నీ తనే నడిపేస్తుంది. పంపించెయ్యాలా?

పరీక్షలొద్దు
పంపొద్దు, అలిగితే తరవాత రాదు. డబ్బా కాపలా పని ఇవ్వండి. మూత తన చేతిలో ఉండాలి, తమ్ముడు డబ్బా తెచ్చి ఇస్తేనే తియ్యాలి, తీసేముందు నోరు మెదపకూడదు. పిల్లలు ఈ నియమం పెద్దవాళ్ల కంటే బాగా పాటిస్తారు. ఆట పది నిమిషాలు దాటనివ్వకండి. అది అయ్యాక అక్కతో మీరొక్కరే పది నిమిషాలు, తమ్ముడు లేకుండా, తనకి నచ్చిన ఆట.

పెందుర్తి_పిన్ని
ఆ పది నిమిషాలూ ముందే ఆడేసి, తరవాత కాపలాకి పిలవండి. లేపోతే డబ్బా అక్కా తమ్ముళ్ల మధ్యన పగిలిపోద్ది.

పరీక్షలొద్దు
అదే మేలు. ముందు అక్క, తరవాత డబ్బా.